మైక్రోలెపిడాప్టెరా: చిన్న చిమ్మటలకు పెద్ద పేరు



"మైక్రో" అనే మాట మీకు కొత్త కాదు. పిల్లల డైరీలో మైక్రో షెడ్యూల్ ఉంటుంది, వంటింట్లో మైక్రోవేవ్ ఉంటుంది, పేపర్లో మైక్రో ఫైనాన్స్ వార్త ఉంటుంది. ఈ నెల ఇంకో మైక్రో గురించి మాట్లాడుకుందాం. అది ఇప్పటికే మీ ఇంట్లో ఉండొచ్చు. బాత్‌రూమ్ గోడ మీదో, బియ్యం డబ్బాలోనో, బాల్కనీలోని నిమ్మ మొక్క ఆకులోనో. దాని పేరు మైక్రోలెపిడాప్టెరా. బాగా చిన్నవైన చిమ్మటలన్నిటినీ కలిపి శాస్త్రవేత్తలు వాడే పేరు ఇది.

"ఇంత పొడుగు పేరు మా బాబుకి ఎందుకండీ, పరీక్షలో వస్తుందా?" అని మీరు అడగొచ్చు. ఈ పేరు ప్రశ్నాపత్రంలో రాకపోవచ్చు. కానీ ఒక పేరు మనకు ఎంతవరకు నిజం చెబుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్న సంగతి సైన్స్ చదివే ప్రతి విద్యార్థికీ తెలియాలి. అది చెప్పడానికి ఈ మాట చాలా బాగా పనికొస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. మన పిల్లల్లో చాలామందికి ఊళ్ళో తాతగారి పత్తి చేనో, వరి మడో ఉంది. ఆ పంటను తినేసే పురుగుల్లో ముఖ్యమైనవి కొన్ని ఈ "చిన్న" గుంపులోవే.

ముందు పేరు విడదీద్దాం

ఇందులో మూడు గ్రీకు ముక్కలున్నాయి. మైక్రో అంటే చిన్న. లెపిస్ అంటే పొలుసు. టెరాన్ అంటే రెక్క. పొలుసుల రెక్కలున్న చిన్నవి అని అర్థం.

పొలుసులు ఎక్కడివి అంటారా? సీతాకోకచిలుకను పట్టుకుంటే వేళ్ళకు రంగు పొడి అంటుకుంటుంది కదా, ఆ పొడే పొలుసులు. పెంకుటింటి పైకప్పు మీద పెంకులు పేర్చినట్టు రెక్క మీద వరసగా ఉంటాయి. ఇలాంటి రెక్కలున్న కీటకాలన్నిటినీ కలిపి లెపిడాప్టెరా అంటారు. క్లాసులో చెప్పే రాజ్యం, వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అనే మెట్లలో ఇది "క్రమం" అనే మెట్టు. సీతాకోకచిలుకలు, చిమ్మటలు రెండూ ఇందులోకే వస్తాయి. ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన లెపిడాప్టెరా జాతులు సుమారు 1,60,000. వాటిలో సీతాకోకచిలుకలు 18, 19 వేలకు మించవు. మిగతావన్నీ చిమ్మటలే.

చిమ్మట అనే మాటను కొన్ని చోట్ల రాత్రిళ్ళు కీచుమని అరిచే పురుగుకు కూడా వాడతారు. ఈ వ్యాసంలో మాత్రం చిమ్మట అంటే ఇంగ్లిష్‌లో మాత్ అనే జీవి. రైతులు దీన్నే తల్లి పురుగు, రెక్కల పురుగు అంటారు. పంటను తినేది దీని పిల్ల, అంటే గొంగళి దశ.

ఎంత ఉంటే మైక్రో?

చాలా పుస్తకాల్లో కనిపించే లెక్క ఇది: రెండు రెక్కలూ చాపినప్పుడు ఈ చివరి నుంచి ఆ చివరికి 20 మిల్లీమీటర్ల లోపు ఉంటే మైక్రో. దాదాపు రూపాయి బిళ్ళ వెడల్పు. అంతకంటే పెద్దవి మాక్రోలెపిడాప్టెరా, అంటే పెద్ద చిమ్మటలు. మైక్రోల్లో మరీ చిన్నవి రెక్కలు చాపినా 3 మిల్లీమీటర్లే ఉంటాయి. ఆవగింజ కంటే కాస్త పెద్దవి, అంతే.

ఇక్కడ పిల్లలు ఒక పొరపాటు పడుతుంటారు. మైక్రో అనగానే సూక్ష్మజీవి అనుకుంటారు. సూక్ష్మజీవిని చూడాలంటే మైక్రోస్కోప్ కావాలి. ఈ చిమ్మటలు మామూలు కంటికే కనిపిస్తాయి. ఇక్కడ మైక్రో అంటే "కంటికి ఆననంత" అని కాదు, "మిగతా చిమ్మటలతో పోలిస్తే చిన్న" అని మాత్రమే. ఫోన్ కెమెరాలో ఇంకో తమాషా ఉంది. ఈ మైక్రోలను ఫొటో తీయాలంటే మీరు నొక్కాల్సింది మాక్రో మోడ్! అక్కడ మాక్రో అంటే చిన్నదాన్ని పెద్దగా చూపించడం. ఒకే మాట ఒక్కో చోట ఒక్కో పని చేస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. పిల్లవాడు స్కేలు పెట్టి కొలిస్తే 22 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. అది మైక్రోనా, మాక్రోనా? వంకాయను పుచ్చు చేసే పురుగు తాలూకు తల్లి చిమ్మట సరిగ్గా అలాంటిదే. తెల్లని రెక్కల మీద గోధుమరంగు మచ్చలతో ముద్దుగా ఉంటుంది. కొలిస్తే 20 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. అయినా దాన్ని మైక్రోల్లోనే వేస్తూ వచ్చారు. అంటే స్కేలు ఒక్కటే దీన్ని తేల్చడం లేదన్నమాట.

ఎత్తు వరస వేరు, ఇంటిపేరు వేరు

అసెంబ్లీలో పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెడతాం. ముందు వరసలో ఉన్న పొట్టి పిల్లలంతా అన్నదమ్ములు కారు. ఒకే ఇంటి పిల్లల్లో తమ్ముడు ముందు వరసలో, అన్న వెనక వరసలో ఉండొచ్చు. ఎత్తు వరస మన సౌకర్యం కోసం. బంధుత్వం వేరే సంగతి.

జీవశాస్త్రం ఇప్పుడు జీవుల్ని బంధుత్వాన్ని బట్టి గుంపులు చేస్తుంది. ఎవరికి ఎవరు దగ్గర, ఎవరి పూర్వీకులు ఎవరు అని చూస్తుంది. అలా చూసినప్పుడు మైక్రోలెపిడాప్టెరా అన్నది ఒక కుటుంబం కాదని తేలింది. ఇందులో బోలెడు కుటుంబాలున్నాయి. వాటిలో కొన్ని ఒకదానికొకటి చాలా దూరం.

ఆస్ట్రేలియాలో చెట్టు మాను తొలిచి బతికే ఒక భారీ చిమ్మట ఉంది. రెక్కలు చాపితే 23 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, బరువు 30 గ్రాములు కూడా ఉండొచ్చు. ప్రపంచంలోనే అతి బరువైన చిమ్మటల్లో అదొకటి. బంధుత్వం లెక్కలో అది మైక్రోల వైపే పడుతుంది. మరో పక్క మాక్రో కుటుంబాల్లో రూపాయి బిళ్ళ కంటే చిన్నవి ఉన్నాయి. స్కేలు చెప్పేది ఒకటి, వంశవృక్షం చెప్పేది ఒకటి.

మన ఊరి లెక్కలో చెబితే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఒక పెద్ద వంశం అనుకోండి. ముత్తాతకు నలుగురు కొడుకులు. చిన్న కొడుకు సంతానంలో ఒకాయన పట్నం వెళ్ళి స్థిరపడ్డాడు. ఆయన పిల్లల్నీ మనవల్నీ అందరూ "పట్నం వాళ్ళు" అంటారు. మిగిలిన అందరినీ కలిపి "ఊరి వాళ్ళు" అంటారు. పట్నం వాళ్ళంతా ఒకే కొమ్మ. మరి ఊరి వాళ్ళో? వాళ్ళలో పెద్ద కొడుకు మునిమనవలు ఉన్నారు, రెండో కొడుకు వైపు వాళ్ళు ఉన్నారు, పట్నం వెళ్ళినాయన సొంత తమ్ముడు కూడా ఉన్నాడు. ఆ తమ్ముడికి ఊళ్ళో ఉన్న దూరపు దాయాదుల కంటే పట్నంలో ఉన్న అన్నే దగ్గర. అయినా పిలుపులో అతను "ఊరివాడే".

మైక్రోలెపిడాప్టెరా అంటే ఈ "ఊరి వాళ్ళు" లాంటి మాట. ఒక కొమ్మను పక్కన పెట్టాక మిగిలిపోయిన అందరూ అని. మనం ఇందాక చెప్పుకున్న వంకాయ చిమ్మట సరిగ్గా ఆ సొంత తమ్ముడు. ఈ మధ్య జన్యువులను పోల్చి చేసిన అధ్యయనాల్లో దాని బంధువర్గం పెద్ద చిమ్మటల కొమ్మకు అతి దగ్గరగా వచ్చింది. ఎప్పుడూ మాక్రోలతో కలిపి లెక్కేసిన సీతాకోకచిలుకలు అంతకంటే దూరంగా పడ్డాయి. అంటే రెక్కలు చాపితే 24 సెంటీమీటర్ల దాకా ఉండే అట్లాస్ చిమ్మటకు సీతాకోకచిలుక కంటే మీ వంకాయలోని పురుగే దగ్గరి చుట్టం! ఈ ఒక్క మాట మీ పిల్లలకు చెప్పి చూడండి, ఎన్ని ప్రశ్నలు వేస్తారో.

ఫౌండేషన్ క్లాసుల పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీలో మొక్కల అధ్యాయం మొదట్లోనే కృత్రిమ వర్గీకరణ, సహజ వర్గీకరణ, వర్గవికాస వర్గీకరణ అని మూడు పద్ధతులు వస్తాయి. చాలామంది ఆ మూడు నిర్వచనాలూ బట్టీపట్టి ముందుకెళ్ళిపోతారు. పైకి కనిపించే ఒకటి రెండు లక్షణాలతో గుంపు చేయడం కృత్రిమం, పూర్వీకుల బంధుత్వంతో చేయడం వర్గవికాసం. మైక్రోలెపిడాప్టెరా మొదటి రకానికి సరిగ్గా సరిపోయే ఉదాహరణ. ఇది అర్థమైన పిల్లలకు ఆ అధ్యాయంలో బట్టీ అవసరం ఉండదు.

మరి ఈ పేరును ఎందుకు వదల్లేదు?

నిజమైన కుటుంబం కాదని తెలిశాక ఆ మాటను తీసేయొచ్చు కదా? తీసేయలేదు. ఎందుకంటే పనిలో అది ఉపయోగపడుతోంది. చిన్న చిమ్మటను భద్రపరచడానికి సన్నని సూదులు కావాలి, రెక్క చాపడానికి ఓపిక కావాలి. చాలా జాతులు పైకి ఒకేలా ఉంటాయి కాబట్టి శరీరం లోపలి భాగాలను మైక్రోస్కోప్ కింద చూస్తే తప్ప ఏది ఏదో తేలదు. పెద్ద చిమ్మటలు తెలిసినవాళ్ళందరికీ ఇవి తెలియవు. బ్రిటన్‌లో సుమారు 2,500 రకాల చిమ్మటలుంటే అందులో దాదాపు 1,600 మైక్రోలే. అందుకే పుస్తకాలు కూడా వేరుగా వేస్తారు.

ఈ పనిలో జీవితం గడిపిన ఇద్దరిని పిల్లలకు పరిచయం చేయొచ్చు. ఒకరు హెన్రీ స్టెయిన్‌టన్. ఈయన 1855 నుంచి 1873 దాకా చిన్న చిమ్మటల మీద 13 సంపుటాలు తెచ్చారు. వాటిని ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్, లాటిన్ నాలుగు భాషల్లో కలిపి అచ్చు వేశారు. మన న్యూస్‌లెటర్ రెండు భాషల్లోనే! బియ్యంలో గూడు కట్టే చిమ్మటకూ, నిమ్మ ఆకులో సొరంగం తవ్వే చిమ్మటకూ శాస్త్రీయ నామాలు పెట్టింది ఈయనే.

రెండో ఆయన ఎడ్వర్డ్ మెయ్‌రిక్. ఆయన శాస్త్రవేత్త ఉద్యోగం చేయలేదు, స్కూల్ టీచర్. ఇంగ్లండ్‌లోని మార్ల్‌బరో కాలేజీ అనే పాఠశాలలో లాటిన్, గ్రీకు చెప్పేవారు. మిగతా సమయమంతా మైక్రోలదే. కొన్ని వేల జాతులకు మొదటిసారి పేరు పెట్టి వర్ణించారు. 1912 నుంచి 1937 దాకా "ఎగ్జాటిక్ మైక్రోలెపిడాప్టెరా" అనే గ్రంథాన్ని భాగాలుగా సొంతంగా ప్రచురించారు. లక్షకు పైగా నమూనాలున్న ఆయన సేకరణ ఇప్పుడు లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

మన దేశానికి ఇక్కడ ఒక లంకె ఉంది. 1892 నుంచి 1896 మధ్య బ్రిటిష్ ఇండియా చిమ్మటల మీద జార్జ్ హాంప్సన్ నాలుగు సంపుటాలు రాశారు. పెద్ద చిమ్మటలు అందులోకి వచ్చాయి. చిన్నవాటిలో వంకాయ చిమ్మట బంధువర్గం లాంటి కొన్నిటికే చోటు దక్కింది, మిగతావి బయటే ఉండిపోయాయి. ఆ లోటు తీర్చడానికి పూనుకున్నవారిలో బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ ముఖ్యుడు. కోయంబత్తూరులో మద్రాసు ప్రభుత్వ కీటక శాస్త్రవేత్తగా, తర్వాత బీహార్‌లోని పూసాలో పనిచేశారు. ఇక్కడ దొరికిన చిన్న చిమ్మటలను మెయ్‌రిక్‌కు పంపించేవారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉన్నాయని గుర్తు చేసుకోండి.

పేరు చివర తోక

1758లో లిన్నేయస్ చిమ్మటలకు పేర్లు పెట్టేటప్పుడు ఒక పద్ధతి పాటించారు. ఒక గుంపు పేర్లన్నీ "ఎల్లా"తో, ఇంకో గుంపువి "ఆనా"తో, మరొకటి "ఆలిస్"తో ముగిసేలా చూశారు. లాటిన్‌లో "ఎల్లా" చిన్నదనాన్ని చెప్పే తోక, మనం "చిట్టి" అన్నట్టు. తర్వాత వచ్చినవాళ్ళలో చాలామంది అదే దారిలో నడిచారు. ఇది తప్పనిసరి నియమం కాదు, ఒక ఆనవాయితీ.

పిల్లలతో ఆడుకోవడానికి ఇది మంచి ఆట. పత్తి ప్రజాతి పేరు గాసిపియం, పత్తి గులాబీ పురుగు పేరు గాసిపియెల్లా. నిమ్మజాతి సిట్రస్, దాని ఆకు తొలిచేది సిట్రెల్లా. ధాన్యం గింజ లోపల పెరిగేది సీరియలెల్లా, సీరియల్ అన్నది మీకు తెలిసిన మాటే. వంకాయ పురుగు ఆర్బొనాలిస్, వరిలో ఆకుముడత పురుగు మెడినాలిస్. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌కు భయపడే పిల్లలకు కూడా ఇలా విడదీసి చూపిస్తే పేర్లు గుర్తుండిపోతాయి.

చిన్నవే, కానీ ఖరీదైనవి

ఒంటి పరిమాణానికీ బతికే తీరుకూ ఒక సంబంధం ఉంది. గొంగళి చిన్నదైతే అది ఆకు పొరల మధ్య, గింజలో, కాయలో దూరి బతకగలదు. చాలా మైక్రోలు అలాగే బతుకుతాయి. లోపల దాక్కున్నదాన్ని పిట్ట చూడలేదు, మందు చేరదు, మనమూ కనిపెట్టలేం.

వంకాయ సంగతే తీసుకోండి. చిల్లు లేని కాయలు ఏరి కొంటాం. పిల్ల పురుగు కాయలోకి దూరిన రంధ్రం బాగా చిన్నది, కాయ పెరిగేకొద్దీ అది పూడిపోతుంది. మనకు కనిపించే పెద్ద చిల్లు పురుగు పెరిగి బయటికి వెళ్ళిన దారి. కాబట్టి చిల్లు లేనంత మాత్రాన పురుగు లేదని కాదు, ఇంకా బయటికి రాలేదని కావచ్చు. వంకాయ కోసేటప్పుడు మీ పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఇది చూపించండి. ఇది కూడా సైన్స్ ల్యాబే.

టమోటాది ఇంకా పెద్ద ప్రయాణం. 1917లో దక్షిణ అమెరికాలోని పెరూ దేశం నుంచి వచ్చిన ఒక బూడిదరంగు చిట్టి చిమ్మటకు మెయ్‌రిక్ "అబ్సల్యూటా" అని పేరు పెట్టారు. ఒక స్కూల్ టీచర్ పెట్టిన వేల పేర్లలో అదొకటి. 2006లో అది స్పెయిన్‌లో దిగింది. 2014లో మన దేశంలో, మహారాష్ట్ర, కర్ణాటక టమోటా తోటల్లో కనిపించింది. ఆకులోనూ కాయలోనూ సొరంగాలు తవ్వి తోటల్ని దెబ్బతీస్తుంది. అది కనిపించినప్పుడు ఏ పురుగో పోల్చుకోగలిగారంటే, దాదాపు వందేళ్ళ కిందట ఒకరు దాన్ని విడిగా గుర్తించి రాసిపెట్టబట్టే.

పత్తి దగ్గరికి వస్తే పేరు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. పత్తి కాయను తొలిచే పురుగుల్లో రెండు ముఖ్యమైనవి. శనగపచ్చ పురుగు మాక్రో, గులాబీ రంగు పురుగు మైక్రో. మొదటిది ఒక కాయ నుంచి ఇంకో కాయకు తిరుగుతూ తింటుంది, దాని నష్టం పైకి కనిపిస్తుంది. రెండోది గుడ్డు నుంచి బయటపడిన కొద్దిసేపటికే మొగ్గలోకో కాయలోకో దూరిపోతుంది. పూరేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పూలను రైతులు గుడ్డిపూలు అంటారు, అది దీని గుర్తు. కాయ పైకి బాగానే ఉంటుంది, పగిలాక చూస్తే గింజ తినేసి, దూది రంగు మారి ఉంటుంది. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. శనగపచ్చ పురుగు బెడద బాగా తగ్గింది. గులాబీ పురుగు మాత్రం కొన్నేళ్ళకు ఆ విషాన్ని తట్టుకునే శక్తి తెచ్చుకుని తిరిగొచ్చింది.

చేలో పెట్టే లింగాకర్షక బుట్టను చూసే ఉంటారు. ఆడ చిమ్మట వాసనను పోలిన ఎరతో మగ చిమ్మటలను పట్టే బుట్ట అది. ఆ ఎర ఒక్కో జాతికి ఒక్కోటి. శనగపచ్చ పురుగు ఎర పెట్టి గులాబీ పురుగు కోసం ఎదురుచూస్తే బుట్ట ఖాళీగా ఉంటుంది, కాయ లోపల నష్టం జరిగిపోతుంది. "ఏదో చిన్న రెక్కల పురుగు" అంటే ఏ ఎరా దొరకదు. జాతి పేరు తెలియాలి. మైక్రో అన్న మాట మనల్ని సరైన బీరువా దాకా తీసుకెళ్తుంది. అందులో ఏ అర తీయాలో చెప్పదు.

అన్నీ శత్రువులే అని పిల్లలు అనుకోకూడదు. మైక్రోల్లో ఎక్కువ భాగం మన పంట జోలికి రావు. ఎండుటాకులు, నాచు, చెట్ల ఆకులు తిని బతుకుతూ బల్లులకు, పిట్టలకు, సాలీళ్ళకు ఆహారమవుతాయి. బియ్యంలో గూడు కట్టే చిమ్మటను మన వ్యవసాయ ల్యాబుల్లో కావాలని పెంచుతారు కూడా. దాని గుడ్ల మీద ట్రైకోగ్రామా అనే అతి చిన్న మిత్ర కీటకాన్ని పెంచి, ఆ గుడ్లు అంటించిన ట్రైకో కార్డులను పొలంలో కడతారు. ఆ మిత్ర కీటకం హానిచేసే పురుగుల గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని నాశనం చేస్తుంది. బియ్యం డబ్బాలో విసిగించేదే పొలంలో రైతుకు పనికొస్తోంది.

ఇంట్లో పిల్లలతో చేసి చూడండి

1. బాత్‌రూమ్ గోడ చూడండి. దోసగింజలా చదునుగా, బూడిదరంగులో, మెల్లగా కదిలేది ఏదైనా ఉందా? అది ఒక మైక్రో చిమ్మట పిల్ల. పట్టుదారంతో సంచి నేసుకుని, దానికి దుమ్ము, ఇసుక అతికించుకుని మోసుకు తిరుగుతుంది. సంచికి రెండు వైపులా తలుపే. సాలెగూళ్ళు, వెంట్రుకలు, చచ్చిన పురుగుల ముక్కలు తింటుంది. కుట్టదు, కరవదు.

2. అదే బాత్‌రూమ్‌లో గోడకు అతుక్కుని కూర్చునే, హృదయాకారపు బుల్లి నల్ల పురుగు మాత్రం చిమ్మట కాదు, డ్రెయిన్ ఈగ. చిమ్మటకు నాలుగు రెక్కలు, వాటి మీద పొలుసులు. ఈగకు రెండే రెక్కలు, దీని రెక్కల మీద నూగు. చిన్నగా ఉన్నదల్లా మైక్రో కాదని చెప్పడానికి ఇది చాలు.

3. నిమ్మ మొక్క లేత ఆకుల మీద వెండి రంగులో పాములా మెలికలు తిరిగిన గీత ఉంటే భూతద్దంతో చూడమనండి. గీత ఎటు వెడల్పవుతుందో అటు పురుగు పెరిగిందన్నమాట. టమోటా, చిక్కుడు ఆకుల మీద ఇలాంటి గీతలే చాలాసార్లు ఒక రకం ఈగ పిల్లలు గీస్తాయి. మొక్క పేరు కూడా రాసుకోవాలి.

4. రాత్రి బాల్కనీ లైటు దగ్గర తెల్ల దుప్పటి కట్టండి. వచ్చి వాలినవాటిని పట్టుకోకుండా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయమనండి. తేదీ, సమయం, చోటు రాయాలి. జులై చివరి వారంలో ప్రపంచమంతా నేషనల్ మాత్ వీక్ పేరుతో ఇదే పని చేస్తారు. అది 2012లో అమెరికాలో మొదలైంది. దుమ్ముకు ఉబ్బసం వచ్చే పిల్లలుంటే దుప్పటికి కాస్త దూరంగా నిలబడమనండి.

ఈ మాట ఎలా వాడాలి?

ప్రాజెక్టు రాసేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోమనండి. ఒకటి, మైక్రోలెపిడాప్టెరా అన్నది జాతి పేరూ కాదు, కుటుంబం పేరూ కాదు. వర్గీకరణ మెట్లలో దానికి చోటు లేదు. కాబట్టి "కుటుంబం" అన్న గడిలో దీన్ని రాయకూడదు. రెండు, "20 మిల్లీమీటర్ల లోపు" అన్నది చాలావరకు పనికొచ్చే గుర్తు, నిర్వచనం కాదు. "సాధారణంగా" అన్న మాట చేర్చి రాస్తే సరిపోతుంది. మూడు, మాటల్లో మైక్రో, మైక్రోలు అనడం తప్పేం కాదు, శాస్త్రవేత్తలూ అలాగే అంటారు. కాకపోతే ఆ తర్వాత "ఏ మైక్రో?" అని అడగడం మరచిపోకూడదు.

మీ పాపో బాబో దుప్పటి మీద వాలిన చుక్కంత చిమ్మటను చూపించి "ఇదేంటి?" అని అడిగితే "ఏదో చిన్న పురుగులే" అని లైటు ఆర్పేయకండి. "మైక్రో అయి ఉండొచ్చు, ఏ మైక్రోనో చూద్దాం పద" అనండి. సమాధానం ఆ రాత్రే దొరక్కపోయినా పర్వాలేదు. ఫొటో తీసి పంపించండి, క్లాసులో అందరం కలిసి వెతుకుదాం.

— సైన్స్ టీచర్, హైస్కూల్ విభాగం